చెరువు కట్ట, ఊరి కట్టుబాటు: బుక్కరాయసముద్రం చరిత్ర, స్థానిక పాలన

పరిచయం

గత పాఠాలలో మీరు స్థానిక స్వపరిపాలన చట్టాలను వరుసగా చదివారు. రిప్పన్ తీర్మానం, 1920 నాటి మద్రాసు చట్టాలు, బల్వంతరాయ్ మెహతా కమిటీ, 73వ రాజ్యాంగ సవరణ మీకు ఇప్పటికే పరిచయం. అదంతా ఢిల్లీ, మద్రాసు, హైదరాబాదుల నుంచి ఊళ్ళవైపు చూసిన చరిత్ర. ఈ పాఠంలో ఊరిలో నిలబడి అటువైపు చూద్దాం. అందుకు అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రాన్ని ఎంచుకున్నాం.

ఈ ఊరినే ఎంచుకోవడానికి కారణం దాని పేరులోనే ఉంది. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే చోట ఒక ఊరికి 'సముద్రం' అనే పేరు వచ్చింది. నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఇలాంటి చోట రాజు పేరు నిలబెట్టాలంటే గుడి కంటే, కోట కంటే చెరువే గట్టి గుర్తు. శాసనాల్లో, ఊళ్ళ పేర్లలో కనిపించే 'సముద్రం', 'సాగరం' అనే మాటలకు చాలా చోట్ల పెద్ద చెరువు అనే అర్థం.

పాఠం చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను దగ్గర పెట్టుకోండి. చెరువుకు గండి పడితే ఎవరు పూడ్చాలి? ఆ ఖర్చు ఎవరిది, కష్టం ఎవరిది, ఎవరిని అడగాలి? ఒక్కో కాలం ఈ ప్రశ్నకు ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులను వరుసగా పేరిస్తే ఈ ఊరి స్థానిక పాలన చరిత్ర చాలావరకు తయారవుతుంది.

చెరువు పుట్టుక

స్థానిక చరిత్ర ప్రకారం, విజయనగర రాజు మొదటి బుక్కరాయల దగ్గర మంత్రిగా ఉన్న చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరు ఏటికి అడ్డంగా కట్ట వేయించి ఈ చెరువును నిర్మించాడు. కట్టకు రెండు కొసల దగ్గర రెండు ఊళ్ళు వెలిశాయి. ఒకదానికి రాజు పేరు మీద బుక్కరాయసముద్రమని, రెండోదానికి రాణి అనంతమ్మ పేరు మీద అనంతసాగరమని పేరు పెట్టారు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. బుక్కరాయలు 1356 నుంచి 1377 వరకు పాలించాడు కనుక ఈ తేదీ రాజు కాలానికి సరిపోతుంది.

ఈ కథనం మనకు ఎలా చేరిందో గమనించాలి. గ్రామాల్లో కరణాలు రాసి ఉంచిన వృత్తాంతాల నుంచి, పెద్దలు చెప్పుకున్న మాటల నుంచి ఇది వచ్చింది. అనంతపురం చరిత్రను సి.పి. బ్రౌన్ 1853లో ప్రచురించాడు. జిల్లా గెజిటీర్లు ఈ కథనాన్నే తీసుకున్నాయి. కట్ట వేయించిన రోజునే చెక్కించిన శిలాశాసనానికి ఉండే బరువు దీనికి లేదు. అందుకే చరిత్రకారులు 'స్థానిక కథనం ప్రకారం' అనే మాట జోడిస్తారు. మీరు కూడా పరీక్షలో అలాగే రాయడం మంచిది.

ఆ కాలంలో ఒక పెద్ద చెరువు ఎలా కట్టేవారో తెలుసుకోవడానికి మరో చోటికి వెళ్ళాలి. నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు, అంటే భవదూరుడు, కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మన చెరువుకూ దానికీ ఐదేళ్ళే తేడా. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, రాకుండా చూసుకోవలసిన 6 దోషాలను ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని కూడా రాయించారు. బుక్కరాయసముద్రం కట్టకు ఇవే అంకెలు వర్తిస్తాయని అనుకోకూడదు. అయితే ఇది ఒక ఊరి జనం చందాలు వేసుకుని చేసుకోగల పని కాదని మాత్రం తెలుస్తుంది. రాజ్యం డబ్బు, రాజ్యం అధికారం, ఊళ్ళ శ్రమ కలిస్తేనే ఇంత చెరువు నిలబడింది. ఈ మాట గుర్తుంచుకోండి. తరువాత మన్రో దొర మాటలు చదివేటప్పుడు ఇది పనికివస్తుంది.

ముసలమ్మ కథను ఎలా చదవాలి?

బుక్కరాయసముద్రం పేరు తెలుగు సాహిత్యంలో నిలిచింది రాజు వల్ల కాదు, ఒక కోడలి వల్ల. వానలు ఎక్కువై చెరువు కట్టకు గండి పడింది. ఎంత మట్టి పోసినా నిలవలేదు. ఊళ్ళో బసిరెడ్డి ఇంటి కోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని దేవత పలికిందట. ముసలమ్మ అత్తమామల దగ్గర, భర్త దగ్గర సెలవు తీసుకుని గండిలోకి దిగింది. కట్ట నిలిచింది. పేరు ముసలమ్మ గానీ కథలో ఆమె పడుచు ఇల్లాలు. బ్రౌన్ వెలువరించిన చరిత్రలోని ఈ కథను తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 19వ శతాబ్దం చివర, కళాశాల విద్యార్థిగా ఉన్న రోజుల్లో, 'ముసలమ్మ మరణము' కావ్యం రాశాడు. రాజులు, దేవతలు కాకుండా పల్లెటూరి ఇల్లాలు నాయిక కావడం వల్ల దానిని ఆధునిక తెలుగు కవిత్వంలో తొలి అడుగుల్లో ఒకటిగా విమర్శకులు లెక్కిస్తారు. ఊరిలో ఆ చోటును నేటికీ ముసలమ్మ కట్ట అంటారు.

ఇది జరిగిందా అని మీరు అడగవచ్చు. ఇలాంటి కథ దక్కనులో చాలా చెరువులకు ఉంది. కన్నడ జానపదంలో 'కెరెగె హార' అనే ప్రసిద్ధ గేయకథలో భాగీరథి అనే కోడలు ఇలాగే చెరువుకు ఆహుతి అవుతుంది. ఒకే కథ ఇన్ని చోట్ల దొరికినప్పుడు దానిని ఒక సంఘటనకు సాక్ష్యంగా కాక, ఒక భయానికి, ఒక అలవాటుకు సాక్ష్యంగా చదవాలి. భయం గండి గురించి. కట్ట తెగితే దిగువన పొలాలు, ఇళ్ళు కొట్టుకుపోతాయి, ఆ తరువాత ఏళ్ళ తరబడి కరువు. అలవాటు ఏమిటంటే, ఊరంతటికీ వచ్చిన కష్టానికి ఖరీదు కట్టేటప్పుడు ఊరి సభలో మాట లేని మనిషినే ముందు వెదకడం. పుట్టింటి నుంచి వచ్చిన చిన్న కోడలికి ఆ ఊరి పెద్దల మధ్య గొంతు ఉండదు. కథ ఆమెను దేవతను చేసింది. నిర్ణయం ఎక్కడ జరిగిందో, అందులో ఎవరెవరు కూర్చున్నారో మాత్రం చెప్పలేదు. స్థానిక పాలన చదివేవారికి కథలోని ఈ మౌనమే ముఖ్యం.

ఆయగాండ్రు, దశబంధం

విజయనగర కాలం నుంచి బ్రిటిషు కాలం దాకా ఊరి పనులు నడిపినవి ఎన్నికలు కాదు, వంశపారంపర్య వృత్తులు. ఊరి పెద్దగా రెడ్డి శిస్తు వసూలు చేయించేవాడు, తగాదాలు తీర్చేవాడు. కరణం లెక్కలు రాసేవాడు. తలారి కాపలా కాసేవాడు. వీరితోపాటు కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, పురోహితుడు మొదలైన వారిని కలిపి పన్నెండు మంది ఆయగాండ్రు అనేవారు. ఊరిని బట్టి ఈ జాబితా కొంత మారేది. వీరికి జీతం లేదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇచ్చే మేర, కొందరికి మాన్యం భూమి ఉండేవి.

చెరువు ఉన్న ఊళ్ళో మరో మనిషి కీలకం. అతడు నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కాలువకు ఎన్ని జాములు వదలాలి, ఎవరి మడవ ఎప్పుడు తిప్పాలి అనేవి అతడి చేతిలో పనులు. నీళ్ళు తక్కువైన ఏడాది తూము దగ్గరి పొలానికీ ఆయకట్టు చివరి పొలానికీ మధ్య తగవు రాకుండా చూడడం చిన్న పని కాదు. చాలా ఊళ్ళలో ఈ పని చేసినవారు భూమి లేని దళిత కుటుంబాలవారు. సొంత పొలం లేనివాడికి నీళ్ళ పంపకంలో పక్షపాతం ఉండదని కొందరు పెద్దలు దీనిని మెచ్చుకుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. నీళ్ళు పంచేవాడికి నీళ్ళలో వాటా లేదన్న మాట కూడా అంతే నిజం.

కట్ట మరమ్మతుకు వేరే ఏర్పాటు ఉండేది. రాయలసీమ జిల్లాల్లో దానిని దశబంధం అనేవారు. చెరువు కట్టించినవారికి, లేదా మరమ్మతు బాధ్యత తీసుకున్నవారికి, ఆ చెరువు కింద కొంత భూమిని పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో ఇనాముగా ఇచ్చేవారు. ఏటా కట్టకు మట్టి పోయించడం, కంప కొట్టించడం, తూములు సరిచూడడం వారి బాధ్యత. పని మానేస్తే ఇనాము పోవాలి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది నిర్వహణకు కేటాయించిన శాశ్వత నిధి. ఆ నిధి నగదు రూపంలో కాక అదే చెరువు నీటితో పండే పంట రూపంలో ఉండడం దానిలోని తెలివి. చెరువు ఎండితే ఇనాముదారుడి పొలమూ ఎండుతుంది.

తళ్ళికోట యుద్ధం తరువాత ఈ ప్రాంతం హండే వంశపు నాయకుల చేతికి వచ్చింది. బిజాపూరు, మొగలులు, మరాఠాలు, మైసూరు హైదరు, టిప్పు వరుసగా వచ్చి కప్పం అడిగారు. ఆ రెండు వందల ఏళ్ళ యుద్ధాలను ఇక్కడ వివరించనవసరం లేదు. ఊరికి సంబంధించినంత వరకు ఫలితం ఒక్కటే: శిస్తు అడిగేవారు మారుతూ వచ్చారు, కట్టను చూసుకునేవారు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయారు.

ఆలోచించండి: దశబంధం ఇనాముకూ నేడు పంచాయతీకి వచ్చే మరమ్మతు నిధికీ మధ్య ఉన్న తేడాలను మీ సొంత మాటల్లో రాయండి.

మన్రో చూసిన ఊరు

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అందుకే వీటిని దత్తమండలాలు అన్నారు. వీటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా పనిచేశాడు. గొలుసులు పట్టించి పొలం పొలం కొలిపించి, ప్రతి రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని పెద్ద ఎత్తున ఇక్కడే అమలు చేశాడు.

మన్రో 1806 మే 15న పంపిన ఒక నివేదికలో, పన్నెండు మంది ఆయగాండ్రతో, పెద్ద ఒకడితో ప్రతి గ్రామమూ ఒక చిన్న గణతంత్రం లాంటిదనీ, భారతదేశం అలాంటి గణతంత్రాల సముదాయమనీ రాశాడు. తరువాత ఈ భావాన్ని ఇతర అధికారులు, కార్ల్ మార్క్స్, జాతీయవాదులు తమ తమ అవసరాలకు వాడుకున్నారు. ఆ నివేదిక రాసింది అనంతపురంలో. అంటే ప్రపంచమంతా తిరిగిన ఆ ఆలోచన బుక్కరాయసముద్రం చెరువుకు ఈ పక్కన కూర్చున్న మనిషి కలం నుంచి వెలువడింది.

మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండు వాడు. మన ప్రాంతపు కైఫీయత్తులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లండు వాడే, వాయవ్య దీవుల్లోని స్టోర్నోవే ఊరివాడు. వారి దేశంలో పాలనకు చిన్న ప్రమాణం పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ళ గుంపు. బీదల పోషణ, బడి నిర్వహణ వంటివి ఆ పారిష్ పెద్దలే చూసేవారు. 1790లలో జాన్ సింక్లెయిర్ అనే ఆయన ప్రతి పారిష్ మతగురువుకూ ప్రశ్నల పట్టిక పంపి, జవాబులను 21 సంపుటాలుగా అచ్చువేయించాడు. కొద్ది సంవత్సరాలకు మెకంజీ మనుషులు మన కరణాల దగ్గర కూర్చుని ఊరి పుట్టుక, చెరువులు, గుళ్ళు, మాన్యాల వివరాలు రాయించుకున్నారు. కొండ పారిష్‌ల దేశం నుంచి వచ్చినవారికి మన ఊరు తమకు తెలిసిన ఒక పాలనా ఘటకంలా కనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

మరి బుక్కరాయసముద్రం నిజంగా చిన్న గణతంత్రమేనా? పై విభాగాలు చదివిన మీరు రెండు అభ్యంతరాలు చెప్పగలగాలి. మొదటిది, ఊరి ప్రాణమైన చెరువు ఊరు కట్టుకున్నది కాదు, రాజ్యం కట్టించినది. ఒకే చెరువుకు రెండు ఊళ్ళు ఆనుకుని ఉన్నప్పుడు ఏ ఊరూ తనంతట తాను సంపూర్ణం కాదు. రెండోది, ఆ గణతంత్రంలో పౌరులు ఎవరు? మేర కోసం కళ్ళం అంచున నిలబడిన నీరుగంటికి, గండిలోకి దిగిన ముసలమ్మకు అందులో ఓటు లేదు. అంబేద్కర్ 1948లో రాజ్యాంగ సభలో గ్రామ గణతంత్రాల భావాన్ని తీవ్రంగా విమర్శించడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి.

మన్రోకు అన్యాయం జరగకుండా మరో విషయం చెప్పాలి. 1807లో వెళ్ళిపోయే ముందు అతడు భూమి శిస్తును నాలుగో వంతు తగ్గించమని సిఫారసు చేశాడు. సొంత ఖర్చుతో మరమ్మతు చేసుకుంటామని ఒప్పుకునే రైతులకు బావుల కింది భూములపై, చిన్న చెరువుల కింది భూములపై తగ్గింపును నూటికి 33 దాకా పెంచమన్నాడు. నీటి వనరును చూసుకునేవాడికే లాభం చేరాలన్న దశబంధం సూత్రం ఇందులో ఉంది. కానీ పైవారు ఆ పథకాన్ని అప్పుడు అంగీకరించలేదు. ఊళ్ళను మూడేళ్ళకు, ఆ తరువాత పదేళ్ళకు గుత్తకిచ్చే పద్ధతి పెట్టారు. చాలా చోట్ల గుత్తదారులు చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక రైత్వారీ మళ్ళీ స్థిరపడింది. 1827లో ఈ జిల్లాల పర్యటనలోనే పత్తికొండ దగ్గర కలరాతో మరణించాడు.

సర్కారు చెరువు

రైత్వారీలో ప్రభుత్వానికీ రైతుకూ మధ్య సంబంధం ఒక్కొక్క పట్టాగా విడిపోయింది. తరి భూమికి ఎక్కువ శిస్తు, మెట్టకు తక్కువ. తరి శిస్తులో నీటి ఖరీదు కలిసే ఉంటుంది. అలాంటప్పుడు నీళ్ళివ్వడం సర్కారు పని అని రైతు అనుకోవడం సహజం. మరోవైపు ఊరివాళ్ళు పూర్వం లాగే చేతి పనికి రావాలని సర్కారు కోరింది. ఈ ఉమ్మడి శ్రమకు కుడిమరామత్తు అని పేరు. పాత కట్టుబాటు సడలిపోతోందని గ్రహించిన మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసింది. కట్ట తెగే ప్రమాదం వచ్చినప్పుడు జనాన్ని పిలిపించవచ్చు, ఆచారం ప్రకారం చేయవలసిన పని చేయనివారి నుంచి డబ్బు వసూలు చేయవచ్చు అన్నది దాని సారం. ఊరు తనకు తానుగా చేసుకున్న పనికి చట్టం భయం అవసరమైందంటే కట్ట మీద ఊరికి ఉన్న పట్టు అప్పటికే ఎంత వదులైందో ఊహించండి.

1876–78 కరువును మనవాళ్ళు ధాత కరువు అంటారు. అప్పటికి ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉంది. ఆ కరువు తరువాత చెరువుల స్థితి మీద ప్రభుత్వానికి కొంత శ్రద్ధ కలిగింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. 1883లో మద్రాసు రాష్ట్రంలో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. ఇంజనీర్లు ఒక్కో పరీవాహక ప్రాంతంలోని చెరువులను కొలిచి, కట్ట ఎత్తు ఎంత, మరవ పొడవు ఎంత, తూము ఏ మట్టంలో ఉండాలి అని కాగితం మీద పెట్టారు. ఇది విలువైన పని. అయితే ఇప్పుడు చెరువు గురించి తెలిసినవాడు నీరుగంటి కాదు, దస్త్రం చేతిలో ఉన్న ఓవర్సీరు. పెద్ద చెరువులు ప్రజాపనుల శాఖకు, చిన్నవి రెవెన్యూ శాఖకు వెళ్ళాయి.

జిల్లా కేంద్రం కావడంతో చెరువు ఒడ్డునున్న రెండు ఊళ్ళ దారులు వేరయ్యాయి. అనంతపురానికి కచేరీలు, కళాశాల, మునిసిపాలిటీ వచ్చాయి. బుక్కరాయసముద్రం రెడ్డి, కరణాల చేతిలోనే ఉండిపోయింది. 1816 నాటి రెగ్యులేషన్ల కింద ఊరి పెద్ద గ్రామ మునసబు అయ్యాడు, చిన్న దావాలు విన్నాడు. 1895 చట్టం ఈ పదవుల వంశపారంపర్య హక్కును చట్టబద్ధం చేసింది. ఊరి పెద్ద ఇప్పుడు ఊరి మనిషే, సర్కారు ఉద్యోగి కూడా. ఈ రెండు పాత్రలు ఢీకొన్నప్పుడు ఏది గెలిచేదో జమాబందీ రోజున తెలిసేది.

బోర్డుల నుంచి పంచాయతీ దాకా

1871 స్థానిక నిధుల చట్టంతో రోడ్లు, వైద్యం, బళ్ళ కోసం వేరే పన్ను వసూలు మొదలైంది. 1884 చట్టం జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ పంచాయతీ అనే మూడు అంతస్తులను ఏర్పరచింది. 1920లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. 1950 మద్రాసు చట్టంతో వయోజన ఓటు పంచాయతీ దాకా చేరింది. ఈ వరుసను మీరు 4వ పాఠంలో చదివారు కనుక ఇక్కడ ఒక్క విషయమే చూద్దాం. ఈ సంస్థలకు ఇచ్చిన పనులు దీపాలు, బాటలు, మురుగు, తాగునీటి బావులు, శ్మశానం. పెద్ద చెరువు ఏ జాబితాలోనూ ఊరి చేతికి రాలేదు. ఊరికి ఎన్నికైన సభ వచ్చింది. ఊరు పుట్టడానికి కారణమైన చెరువు మాత్రం ఆ సభ అధికారానికి బయటే నిలిచింది.

1956లో ఇనాముల రద్దు చట్టం ఇనాము భూములను రైత్వారీ పట్టాలుగా మార్చే దారి వేసింది. భూస్వామ్య హక్కులు పోవడం న్యాయమే. అయితే అదే వేటుకు, కట్ట మరమ్మతుకు భూమిని ముడిపెట్టిన పాత ఏర్పాటుకు మిగిలిన ఆధారం కూడా పోయింది. దాని స్థానంలో మరో నిధిని ఏర్పరచాలన్న ఆలోచన అప్పట్లో బలంగా లేకపోవడం ఒక లోటని ఈ రచయిత అభిప్రాయం.

1959 నవంబరు 1న షాద్‌నగర్‌లో నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించాడు. దానికి నెల ముందు రాజస్థాన్ మొదలుపెట్టింది, మనది రెండో రాష్ట్రం. ఆనాటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరు వాడు. పంచాయతీ సమితులకు చిన్న నీటి వనరుల పని ఇచ్చారు. అది నూరు ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న కుంటలకు, చెరువులకు పరిమితం. అంతకు మించినవి నీటిపారుదల శాఖవే. విజయనగరం మంత్రి కట్టించిన చెరువు ఆ గీతకు ఎంత పైన ఉంటుందో వేరే చెప్పనవసరం లేదు.

సాగులో కూడా మార్పు వచ్చింది. వేరుశనగ మెట్ట భూములను ఆక్రమించింది. బావుల మీద కరెంటు మోటార్లు, తరువాత బోర్లు వచ్చాయి. బోరు ఉన్న రైతుకు తూము ఎత్తే రోజు కోసం ఎదురుచూడవలసిన పని లేదు. కట్టకు గండి పడితే ఊరంతా గడ్డపారలతో కదలాల్సిన అవసరం అతడికి కనిపించదు. చెరువు నిండితేనే తన బోరులోకి ఊట వస్తుందన్న సంగతి నీళ్ళు ఆగిపోయిన ఏడాదే గుర్తుకొస్తుంది.

మండలం, సవరణ, ఆ తరువాత

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల పదవులను ఆర్డినెన్సుతో రద్దు చేసింది. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉన్న లెక్కల కట్టలు తాలూకా కచేరీకి చేరాయి. నీరుగంటులు, తలారులు మొదలైన గ్రామ సేవకులు తరువాతి కాలంలో గ్రామ రెవెన్యూ సహాయకులనే ఒకే పేరు కిందకు వచ్చారు. 1985లో తాలూకాలు, సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు బుక్కరాయసముద్రం మండల కేంద్రమైంది. ఎమ్మార్వో, ఎంపీడీవో కార్యాలయాలు ఊళ్ళోకే వచ్చాయి. సర్టిఫికెట్టు కోసం జిల్లా కేంద్రానికి పోయే పని తప్పింది. స్కాట్లండులో దీనికి విరుద్ధంగా జరిగింది. 1894లో ఏర్పడిన పారిష్ కౌన్సిళ్ళను 1930లో రద్దు చేసి పనులను పెద్ద కౌంటీలకు అప్పగించారు. పాలన ప్రజలకు ఎంత దగ్గరగా ఉండాలన్న తర్కం ఒక్క మన దేశానిదే కాదు.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ 11వ షెడ్యూలులో 29 అంశాలను చేర్చింది. అందులో మూడోది చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం దానికి అనుగుణంగా వచ్చింది. అయితే ఈ అంశాలను ఎంతవరకు బదిలీ చేయాలన్నది రాష్ట్రం ఇష్టానికే వదిలారు. 1997లో రాష్ట్రం మరో దారి పట్టింది. సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించే చట్టం చేసి, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. ఆ సంఘంలో ఓటు ఆయకట్టులో హక్కు పత్రాల మీద పేరున్న భూమిదారులది. గ్రామ పంచాయతీలో ఓటు 18 ఏళ్ళు నిండిన ప్రతివారిదీ.

ఈ తేడా దగ్గర కాసేపు ఆగండి. కూలికి పోయే మహిళ సర్పంచి ఎన్నికలో ఓటేస్తుంది. 2011 సవరణ తరువాత స్థానిక పదవుల్లో సగం మహిళలవి కనుక ఆమే సర్పంచి కావచ్చు. కానీ చెరువు సంఘం ఎన్నికలో, భూమి కాగితం లేకపోతే, ఆమెకు ఓటు లేదు. చెరువులో చేపలు పట్టేవారికి, బట్టలు ఉతికేవారికి, మేకలకు నీళ్ళు తాపేవారికి కూడా అంతే. రెండు సభలు ఉన్నాయి. ప్రజలందరూ ఉన్న సభకు పెద్ద చెరువు లేదు, చెరువు ఉన్న సభలో ప్రజలందరూ లేరు.

ఈ గీతను కొంత చెరిపినది ఊహించని వైపు నుంచి వచ్చింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది బుక్కరాయసముద్రానికి పొరుగునున్న నార్పల మండలం బండ్లపల్లిలో. ఈ పథకం కింద పూడిక తీత, ఫారం పాండ్లు, కాలువల శుభ్రత వంటి పనులను గ్రామసభ గుర్తించాలి. వేతనదారులు పని అడగవచ్చు, సామాజిక తనిఖీ సభలో మస్టరు లెక్కలను నిలదీయవచ్చు. నీళ్ళ పని ఏది ముందు చేయాలన్న ప్రశ్నలో భూమి లేనివారికి చట్టబద్ధంగా మాట దక్కింది. ఆ మాటను ఎన్ని గ్రామసభలు నిజంగా విన్నాయన్నది వేరే సంగతి. చాలా చోట్ల తీర్మానం ముందే రాసి, సంతకాలు తరువాత చేయించే అలవాటు పోలేదు.

ఇప్పుడు సమస్య మరో రూపంలో ఉంది. అనంతపురం నగరం తన పొలిమేర దాటి పెరుగుతోంది. బుక్కరాయసముద్రం మండలంలోని జంతలూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. పొలాలు ఇళ్ళ స్థలాలవుతున్నాయి. వాగు పక్కన స్థలాల ధర పెరిగితే వాగు వెడల్పు తగ్గుతుంది. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచింది. ఏటి మీద నగరపాలక సంస్థ, గ్రామ పంచాయతీలు, రెవెన్యూ, నీటిపారుదల శాఖలు అన్నిటికీ తలా ఒక అధికారం ఉంది. ఇళ్ళల్లో నడుము లోతు నీళ్ళు ఉన్నప్పుడు ఏ తలుపు తట్టాలో అక్కడి కుటుంబాలకు ఎవరు చెప్పాలి?

మీరు చేయవలసిన పని

ఈ పాఠానికి రాతపరీక్ష ప్రశ్నలతోపాటు ఒక క్షేత్రపని ఉంది. మీ ఊళ్ళోని, లేదా మీకు దగ్గరలోని ఒక చెరువును ఎంచుకోండి. గ్రామ సచివాలయంలో అడిగి దాని ఆయకట్టు ఎంతో, అది ఏ శాఖ కిందిదో రాసుకోండి. చివరిసారి మరమ్మతు ఏ నిధితో జరిగిందో తెలుసుకోండి. తరువాత ఊళ్ళో అరవై దాటిన ముగ్గురిని కలవండి. వారిలో ఒకరు ఆయకట్టు రైతు, ఒకరు భూమి లేని కూలీ, ఒకరు మహిళ అయి ఉండాలి. చివరిసారి మరవ పారిన ఏడాది, కట్టకు గండి భయం వచ్చిన రాత్రి ఎవరు ఎవరిని పిలిచారు, ఎవరు వచ్చారు అని ముగ్గురినీ విడివిడిగా అడగండి. ముగ్గురూ ఒకే జవాబు చెప్పకపోవచ్చు. తేడాలను సరిదిద్దకుండా ఎవరి మాట వారి మాటగానే రాసి, సచివాలయంలో దొరికిన వివరాలను పక్కన పెట్టి, నాలుగు పేజీలు మించకుండా మీ అధ్యయన కేంద్రానికి పంపండి.